ఉమ్మడి ముంత తాగిన దూడలు

రోహిణి కార్తె, నెత్తురు తీసిన రోజు

ఉప్పుగాలి మళ్లీ మొదలైంది. పొద్దున్నే పైకప్పు సోలార్ పలకల మీద పేరుకున్న ఉప్పు గీకి, మేతకి పెంచే అజొల్లా నాచు తొట్లలో నీళ్లు మార్చి, ఆ తర్వాత గానీ మంద దగ్గరికి పోవడం కుదరలేదు. సముద్రం మింగగా మిగిలిన ప్రతి మిట్టలోనూ పశువుల డాక్టరు లాగ్ రాయాలని పది మిట్టల సమితి హుకుం. జ్వరాలు, పేడ రంగు, మేత రాయమన్నారు. రాస్తాను. దాంతోపాటు నా ఏడుపు కూడా రాస్తాను. చదివేవాడికి ఓపికుంటే చదువుకుంటాడు, లేకపోతే మానేస్తాడు.

మా మంద పాత కాలేజీ బిల్డింగు నాలుగో అంతస్తులో ఉంటుంది. కింది మూడు అంతస్తులూ సముద్రానివి. ఒకప్పుడు పిల్లలు పరీక్షలు రాసిన హాల్లో ఇప్పుడు ఆవులు నెమరేస్తున్నాయి. వాటిని చూసుకునేది సువార్తమ్మక్క. మందకి ఆవిడే తల్లి, తండ్రి, పోలీసు. నేను సూది పట్టుకుని వెళ్తే చాలు, "నెమ్మదమ్మాయ్, అది నీ మొగుడు కాదు పొడవడానికి" అంటుంది. నాకు మొగుడే లేడు. అది ఆవిడకీ తెలుసు.

ఏడాదికోసారి నెత్తురు తీసి ఎండు పారుడు ఉందో లేదో చూడాలి. చెడ్డ రోగం అది. పుట్టిన కొత్తల్లో దూడ కడుపులో దూరి ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యదు. తర్వాత ఒకరోజు ఆవు బాగా మేస్తూనే ఎండిపోవడం మొదలుపెడుతుంది. పారుకుంటుంది, చస్తుంది. మందు లేదు. కొత్తమిట్ట వాళ్లు రోగమొచ్చిన ఒక్క ఆవుని దాచిపెట్టి మంద మొత్తం పోగొట్టుకున్నారు. ఇప్పుడక్కడ పసిపిల్లలకి బియ్యం కడిగిన నీళ్లు పడుతున్నారు.

పరీక్షకి దీపం పెట్టె ఉంది. పట్టీ మీద నెత్తురు చుక్క వేసి లోపలికి తోస్తే రోగం మీద పుట్టిన యాంటీబాడీలు ఎన్నున్నాయో కొలుస్తుంది. యాభై అయిదు లోపైతే పచ్చ దీపం, దాటితే ఎర్ర దీపం. ఆ అంకె వెనకవైపు చిన్న కిటికీలో నాకొక్కదానికే కనపడుతుంది. మిగతా మిట్టంతా దీపమే చూస్తుంది.

పెద్ద ఆవులన్నీ పచ్చ. ఈ కారులో పుట్టిన ఐదు పెయ్య దూడలూ ఎరుపు.

ఐదూ. ఒక్కటైనా మిగల్లేదు. సువార్తమ్మక్క పెట్టెకేసి చూసి, నాకేసి చూసి, "పాడైపోయినట్టుంది నీ పెట్టె. ఓసారి గట్టిగా కొట్టు" అంది. కొట్టాను కూడా.

రోహిణి కార్తె, మర్నాడు

నిద్ర లేదు. అంకెలు కళ్ల ముందే తిరుగుతున్నాయి. తొంభై, నూట పది, నూట ఇరవై, నూట మూడు. చామంతి దూడ నిమ్మికి నూట నలభై రెండు.

నెలల దూడలకి సొంతంగా ఇంత యాంటీబాడీ ఎక్కడిది? ఈ రోగం మీద ఒళ్లు ఎదురు తిరగడానికే రెండేళ్లు, మూడేళ్లు పడుతుంది. పాలు మరవని కూనలకి నూట నలభై ఏంటి, నా తలకాయ!

పొద్దున పాలు పితికే వేళకి బుర్ర వెలిగింది. ఉమ్మడి ముంత.

నీళ్లొచ్చిన ఏడు మా వాళ్లకి మూడే ఆవులు మిగిలాయట. ఒక్కదానికే పాలు దిగాయి. దాని జున్నుపాలే అందరి దూడలకీ తలా కాస్త పట్టి బతికించుకున్నారు. అప్పట్నుంచీ ఆచారం. కొత్తగా ఈనిన ప్రతి ఆవు జున్నుపాలూ ఒకే ముంతలో పోసి చల్లపెట్టెలో ఉంచుతారు. పుట్టిన ప్రతి దూడా సొంత తల్లి పొదుగు కన్నా ముందు ఆ ముంత తాగాలి. "మా దూడలకి ఒక్క తల్లి కాదు, మందంతా తల్లే" అని సువార్తమ్మక్క సరుకులు తెచ్చే సమితి లాంచీ వాళ్లకి కూడా గొప్పగా చెప్పుకుంటుంది. ఇలాంటి పని మా మిట్టలో తప్ప ఎక్కడా చెయ్యరు.

జున్నుపాలంటే తల్లి కట్టిచ్చే సద్దిమూట. తన ఒంట్లో ఉన్న యాంటీబాడీలన్నీ బిడ్డకి కట్టిస్తుంది. దూడల నెత్తురులో పెట్టె చూసింది వాటి సొంత సరుకు కాదు, ముంతలోది. నాలుగైదు నెలల్లో ఆ మూట దానంతటదే అయిపోతుంది.

అయితే ముంతలోకి అన్ని యాంటీబాడీలు పోసిన తల్లి ఎవరు?

ముందు ఈనింది చామంతి. ముంత నిండింది దాని పాలతోనే. చామంతికి నిన్న పచ్చ దీపమే వచ్చింది, పంతొమ్మిది. పోయినేడు నలభై ఎనిమిది. ఈనే ముందు ఆవు యాంటీబాడీలన్నీ నెత్తురు వదిలి పొదుగులోకి దిగిపోతాయి. ఎండిపోతున్న ఒంట్లో మళ్లీ నిండవు. అంచేత నెత్తురు చూస్తే నంగనాచిలా కనపడుతుంది.

వెళ్లి చామంతి దవడ కింద చెయ్యి పెట్టాను. మెత్తగా నీరు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. తొట్టి మాత్రం శుభ్రంగా నాకి ఉంది, మేతకేం లోటు లేదు. నాకు ఏడుపొచ్చింది.

మృగశిర కార్తె, మొదట్లో

మిట్ట పెద్ద పిచ్చేశ్వరరావు గారింట్లో పంచాయితీ. ఆయన చెడ్డవాడు కాదు. శుక్రవారం శుక్రవారం చామంతి నుదుట బొట్టు పెట్టి దండం పెట్టేది ఆయనే. మనవరాలు తాగేది ఆ పాలే. కానీ భయస్తుడు. కొత్తమిట్ట గతి తల్చుకుని తల్చుకుని జుట్టు నెరిసింది.

"ఐదు దూడల్నీ సున్నపు గొయ్యికి పంపమంటోంది సమితి. లేకపోతే లాంచీ మన రేవులో ఆగదు. బియ్యం, మందులు అన్నీ అందులోనే. నువ్వేమంటావు నాంచారమ్మా?"

"దూడలకి రోగం వచ్చిందని ఆ దీపం చెప్పట్లేదండీ. ముంత తాగాయని చెబుతోంది. వర్షాకాలం పోయేదాకా ఆగి మళ్లీ నెత్తురు తీద్దాం, దిగిపోతుంది. రోగం చామంతికుంది."

"చామంతికి పచ్చ కదా!"

"పచ్చంటే రోగం లేదని కాదండీ. పెట్టెకి దొరకలేదని."

ఆయన తల పట్టుకున్నాడు. "ఎర్ర దీపమున్నవి మంచివి, పచ్చ దీపమున్నది చెడ్డది. రేడియోలో ఈ మాట చెబితే నవ్వరూ? రుజువేంటి?"

పేడ పరీక్ష ఉంది. కానీ పేడలోంచి ఆ క్రిమి మొలకెత్తేసరికి నెలలు పడుతుంది, అంతవరకూ లాంచీ లేకుండా మిట్టకి గడవదు. ఇక మిగిలింది ఒకటే. కోసి పేగు చూడాలి. పచ్చ దీపమున్న గొడ్డుని కొయ్యాలంటే మంద చూసేవాళ్లు ఒప్పుకోవాలి, అది మిట్ట కట్టుబాటు.

సువార్తమ్మక్క తలుపు దగ్గరే నిలబడి అంతా వింటోంది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కి మందలోకి పోయింది. నేను వెనకే వెళ్లాను. చామంతి పక్కన పీట వేసుకుని కూర్చుంది గానీ పాలు పితకట్లేదు.

"తల్లినిచ్చి పిల్లల్ని తెచ్చుకోమంటావు, అంతేగా?"

"అంతే అక్కా."

"నువ్వు తప్పైతే?"

"తప్పైతే ఆరూ పోతాయి."

"నోటికి కాస్త తీపి పూసుకుని చెప్పొచ్చుగా. నీ నాలిక వేపపుల్లే!" అంది. తర్వాత చామంతి మెడ మీద చెయ్యేసింది. "దీన్ని దూడప్పుడు భుజం మీదేసుకుని నిచ్చెన మీద పై అంతస్తుకి మోశాను. తుపానుకి మెట్లు కొట్టుకుపోయాయి. అప్పుడు నువ్వు బడికి పోతున్నావు." ఆ తర్వాత గొంతు తగ్గించి, "కొయ్యి. కళ్లు మూసుకున్నాకే కొయ్యి. ముందు నిద్రమందు ఇవ్వు" అంది.

ఆ ముంత వంక ఆవిడ ఆ రోజు చూడలేదు. నేనూ దాని మాట ఎత్తలేదు.

మృగశిర కార్తె, చామంతి పోయిన రోజు

నా మాటే నిజమైంది. నిజం కాకపోయినా బాగుండేది.

పేగు గోడ వేలంత మందమెక్కి ఉంది. లోపలంతా ముడతలు, నీళ్లు పిండి ఆరేసిన గోనెపట్టాలాగ. పిచ్చేశ్వరరావు గారు ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని చూశాడు, చూసి గోడ వైపు తిరిగాడు. రేడియోలో సమితికి ఆయనే చెప్పాడు. వాళ్లు గంటసేపు తర్జనభర్జన పడి ఒక షరతు పెట్టారు. దూడల్ని విడిగా పై అంతస్తులో ఉంచాలి. అనూరాధ కార్తెలో మళ్లీ నెత్తురు తియ్యాలి. ఒక్కసారే. అప్పుడు ఏది ఎర్ర చూపిస్తే అది గొయ్యికి. మళ్లీ బేరాలాడకూడదు.

"సరేనని చెప్పనా?" అని నన్నడిగాడు.

సరేనన్నాను. దూడలు బతికాయన్న సంతోషంలో "ఒక్కసారే" అన్న మాట మీద నాకు దృష్టే లేదు.

సువార్తమ్మక్క కట్ట చివరి గొయ్యి దాకా వచ్చింది. చామంతి మీద సున్నం పోశాక, చీర మడతలోంచి ఉమ్మడి ముంత తీసి తనే అందులో పడేసింది. "నేనే తాగించాను గదా నాంచారీ, ఒక్కో కూనకీ మూతి తెరిచి" అంది. "నీకెలా తెలుస్తుంది అక్కా" అన్నాను.

ఆరుద్ర కార్తె

దూడల్ని పై అంతస్తులోకి మార్చాం. అజొల్లా, తవుడు, కాచిన పాలు. కింది మంద చెప్పులు పైకి రాకూడదు, పైవి కిందికి పోకూడదు. సువార్తమ్మక్క రెండు చోట్లకీ తిరగకూడదన్నాను. ఆవిడ పైనే ఉంటానంది, మందని తోటికోడలికి అప్పజెప్పింది. మందకి తల్లి అని పేరున్న మనిషి ఐదు దూడల దగ్గర చాపేసుకుని పడుకుంటోంది.

నిమ్మి పెద్ద గడుగ్గాయి. పసుపు రంగు, తల్లి పోలికే. నేను లాగ్ రాసుకునే పలకని ఒక మూల నాకి నాకి తడిపేసింది. "చదువుకుంటోంది, డాక్టరవుతుంది" అంటుంది సువార్తమ్మక్క. "అవనీ, నాకో సెలవైనా దొరుకుతుంది" అన్నాను.

అయితే ఒక మాట ఆవిడకి చెప్పాల్సొచ్చింది. అడిగింది మరి. "మూట అయిపోయి పచ్చ వస్తే, ఇంక రోగం లేనట్టేగా?"

అబద్ధం చెప్పలేకపోయాను. ఆ ముంతలో యాంటీబాడీలతో పాటు క్రిమి కూడా ఉండొచ్చు. సద్దిమూటలోనే విషం కూడా కట్టి ఉండొచ్చు. పట్టిందో లేదో తెలియాలంటే ఇవి పెద్ద ఆవులవ్వాలి, ఈనాలి, మేస్తూ ఎండిపోకుండా ఉండాలి. అంతవరకూ ఏ దీపమూ ఖాయంగా చెప్పదు.

"అంటే నాలుగేళ్లు భయపడుతూ సాకాలా?"

"అంతే."

"సాకుతాలే. బతికుంటేగా భయపడేది" అంది. ఆవిడ నిబ్బరం చూస్తే నాకు సిగ్గేసింది.

అనూరాధ కార్తె, గాలివాన తగ్గాక

స్వాతిలో రావాల్సిన లాంచీ రాలేదు. తుపాను మీద తుపాను. పట్టీల డబ్బాకి తడి తగిలి సగానికి పైగా బూజు పట్టాయి. వెతగ్గా వెతగ్గా మంచివి ఐదే తేలాయి. దూడకొకటి. రెండోసారి పెట్టి చూసుకునే వీలు లేదు. లాంచీ వచ్చేదాకా ఆగుదామంటే, పరీక్ష కాందే మా రేవుకి రామంటున్నారు వాళ్లు. పిల్లల జ్వరం మందు అయిపోయి వారం దాటింది.

ఈసారి మిట్టంతా మెట్ల మీద కూర్చుంది. మొదటి దూడ పచ్చ. రెండోది పచ్చ. అరుపులు, ఈలలు. మూడు, నాలుగు పచ్చ. పిచ్చేశ్వరరావు గారు నవ్వుతున్నాడు, ఆయన పళ్లు నేను చూసి ఎన్నాళ్లయిందో. ఇరవై, పద్దెనిమిది, ఇరవై ఆరు, పదిహేను. మూట అయిపోయింది, నేను చెప్పినట్టే.

నిమ్మికి ఎర్ర.

నేను వెనక కిటికీ చూశాను. అరవై ఒకటి.

"అరవై ఒకటండీ! నూట నలభై రెండు నుంచి అరవై ఒకటికి దిగింది. ఎక్కువ తాగింది ఇదే కదా, ముంత కాకుండా తల్లి చామంతి పొదుగు కూడా తాగింది. అందుకే ఆలస్యం. ఇంకో కార్తె ఆగితే గీత కిందికొస్తుంది. సొంత రోగం అయితే ఇంతలా దిగదు."

పిచ్చేశ్వరరావు గారు నన్నే చూస్తున్నాడు. కోపం కాదు, అలసట. "చామంతి అంకె తగ్గితే రోగమన్నావు. దాని దూడ అంకె తగ్గితే ఆరోగ్యమంటున్నావు. నేనిది రేడియోలో ఏ నోటితో చెప్పనమ్మా?"

నాకు జవాబు ఉంది. రెండూ నిజమే. ఒకటి ఈనిన ఆవు, ఒకటి పాలు తాగిన దూడ. పొద్దుటి నీడా సాయంత్రం నీడా ఒకే పొడుగున్నా పొద్దు ఒక్కటి కాదుగా. చెప్పాను. అరిచి కూడా చెప్పాను. మెట్ల మీది వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. జ్వరం పిల్లని ఒళ్లో పెట్టుకున్న ఒకావిడ మాత్రం, "ఒక్క దూడ కోసమా డాక్టరమ్మా?" అంది.

లాంచీ కనపడుతోంది, మైలు దూరంలో లంగరేసి ఉంది. రేడియోలో నేనే బతిమాలాను. "మీ దగ్గర కొత్త పట్టీలున్నాయి కదా, చిన్న పడవలో ఒక్కటి పంపండి, ఒకే ఒక్కటి. ఇదే నెత్తురు మళ్లీ పెట్టి చూస్తాను. గీత దగ్గర ఐదారు అంకెలు అటూ ఇటూ అవుతుంది, ఈ పెట్టె గుణమే అది."

"ఎర్ర దీపమున్న మిట్టతో ఇచ్చిపుచ్చుకోడాలు లేవండీ. తీసేశాక చెప్పండి, వచ్చేస్తాం" అన్నాడు లాంచీ మనిషి. పాపం, మర్యాదగానే అన్నాడు.

సువార్తమ్మక్క ఎవరితోనూ వాదించలేదు. నిమ్మి మెడకి తాడు కూడా కట్టలేదు. "రావే" అంది, అది వెనకే వచ్చింది. కట్ట మీద నడుస్తూ దాని చెవిలో ఏదో చెబుతూనే ఉంది. నిద్రమందు నేనే ఇచ్చాను. ఆవిడ ఒళ్లోనే తల పెట్టుకుని పడుకుంది. నేను పేగు కొయ్యలేదు. ఈ వయసులో రోగమున్నా పేగులో కనపడదు, లేకపోయినా కనపడదు. కోసి సాధించేదేముంది?

సాయంత్రానికల్లా లాంచీ రేవుకొచ్చింది.

అనూరాధ కార్తె, మర్నాడు

బియ్యం దిగింది. జ్వరం మందు పంచారు. నాలుగు దూడల్నీ కింది మందలోకి తోలారు, పిల్లలు వాటి వెంట పడి కేరింతలు కొట్టారు. పిచ్చేశ్వరరావు గారు నా గుమ్మం దాకా వచ్చి, లాంచీలో వచ్చిన కొత్త పట్టీల డబ్బా బల్ల మీద పెట్టి పోయాడు.

చల్లపెట్టెలో నిమ్మి నెత్తురు ఇంకా ఉంది. పారబొయ్యాలి. పారబోస్తే పోయేది. చేతులు ఊరుకోలేదు. డబ్బా మూత తీశాను, పట్టీ మీద చుక్క వేశాను, పెట్టెలోకి తోశాను.

యాభై రెండు. పచ్చ.

సీసా మీద రాసింది మళ్లీ చదువుతూ పీట మీద కూర్చున్నాను. నిన్నటి నెత్తురే. అదే సీసా, అదే దూడ, అదే రోజు. అరవై ఒకటి ఎలా తప్పు కాదో, ఇదీ అలాగే తప్పు కాదు. రెంటి మధ్యా ఎక్కడో నిజం ఉంది, గీత దాని నెత్తిన పోతోంది. నిన్న ఈ పట్టీ నా చేతిలో ఉంటే అది ఈపాటికి నా పలక నాకుతూ ఉండేది. నాకు అరవాలనిపించింది, ఎవరి మీద అరవాలో తెలీలేదు.

దీపం ఆర్పేలోపే సువార్తమ్మక్క వచ్చింది. పాల చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పెట్టె కేసి చూసింది.

"ఎవరిదమ్మా అది?"

వేరే ఆవు పేరేదైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఆవిడ నా కళ్లలోకి చూస్తోంది.

"నిమ్మిది అక్కా. నిన్నటి నెత్తురే."

చెంబు కింద పెట్టింది. నెమ్మదిగా వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే పడదామనే కూర్చున్నాను. ఆవిడ డబ్బా తన వైపు లాక్కుని, ఇంకో పట్టీ తీసి నా చేతిలో పెట్టింది.

"ఇంకోసారి పెట్టమ్మాయ్" అంది. "ఎర్ర వస్తుందేమో చూద్దాం."

సీసాలో ఒక్క చుక్కకి సరిపడా ఉంది. వేశాను. పట్టీ లోపలికి తోశాను. ఎర్ర రావాలని ఇద్దరం దాని కేసే చూస్తూ కూర్చున్నాం.